పచ్చిపులుసు చల్లబడ్డాక చప్పబడిందా? ఎండకాలం పులుసుల తంటాలు, సవరణలు

చల్లటి సూప్ అనగానే పెద్ద హోటల్ మెనూ గుర్తొస్తుంది గానీ, మన వరంగల్ దిక్కు ఎండకాలంలో రోజూ జుర్రుకునేది అదే కదా: పచ్చిపులుసు, సల్ల (మజ్జిగ) చారు, అంబలి. పొయ్యి మీద మరిగే చారులో చిన్న పొరపాటు జరిగినా మరుగుడులో కలిసిపోతుంది. పచ్చిపులుసు మరగదు, అందుకే చేసిన పొరపాటు చేసినట్టే గిన్నెలో తేలుతుంది. హన్మకొండలో మా ఇంట్లో ఏటా ఎదురయ్యే తంటాలు, మేం వాటిని దిద్దుకునే తీరు రాస్తున్నాను.

కలిపినప్పుడు బాగుంది, ఫ్రిజ్‌లోంచి తీస్తే చప్పగా, పుల్లగా ఉంది

ఎక్కువమందికి వచ్చే తంటా ఇదే. తప్పు చింతపండుది కాదు, రుచి చూసిన వేళది. చల్లటి పదార్థంలో తీపి నాలుకకు బాగా తక్కువగా తెలుస్తుంది. ఉప్పు, కారం కూడా కొంత మందగిస్తాయి. పులుపు మాత్రం పెద్దగా తగ్గదు. అందుకే పొద్దున సరిపోయిన బెల్లం మధ్యాహ్నానికి ఎటు పోయిందో తెలియదు, పులుపు ఒక్కటే మిగులుతుంది.

మా అత్తమ్మ దీనికి ఒక చిట్కా చెప్పింది. రెండు చెంచాల పులుసు చిన్న స్టీలు గిన్నెలోకి తీసుకుని, అందులో ఒక ఐస్ ముక్క వేసి నాలుగుసార్లు గిరగిరా తిప్పి, ముక్క కరగకముందే తీసేసి రుచి చూస్తుంది. "సల్లగైనంక నాలుక మొద్దువారుతది బిడ్డా, ఉప్పు అప్పుడు సూడాలె" అంటుంది. ఆ రెండు చెంచాల్లో ఏది తక్కువైతే అది గిన్నెడు పులుసులో కలుపుతుంది. అయితే చల్లటి పులుసులో బెల్లం గడ్డ వేస్తే కరగదు, అడుగున కూర్చుంటుంది. కొంచెం బెల్లాన్ని గోరువెచ్చటి నీళ్లలో కరిగించి, వడగట్టి పక్కన పెట్టుకోండి. ఇసుక ఉంటే అదీ పోతుంది.

ఇంకో కారణం, ఐస్ ముక్కలు గిన్నెలోనే వేయడం. కరిగిన కొద్దీ పులుసు పలుచబడుతుంది. నలుగురికి నిమ్మకాయంత చింతపండు తీసుకుంటే, ముందు రెండు గ్లాసుల నీళ్లతో చిక్కటి రసం తీసి ఫ్రిజ్‌లో పెట్టండి. తినే ముందు రంజన్‌లోని (మట్టి కుండలోని) చల్లటి నీళ్లు గ్లాసున్నర పోసి, అప్పుడు ఉప్పు చూడండి.

ఉల్లిగడ్డ వాసన తప్ప ఇంకేం తెలియడం లేదు

ఉల్లిగడ్డ పొద్దున్నే వేసి ఉంటారు. కోసిన ఉల్లిగడ్డ ఎంతసేపు నానితే అంత ఘాటు పులుసులోకి దిగుతుంది. మిక్సీలో వేస్తే ఇంకా అన్యాయం, చేదు కూడా వస్తుంది. సన్నగా తరిగి, చిటికెడు ఉప్పు వేసి చేత్తో పిసికి, విస్తరి ముందు కూర్చునే వేళకు కలపండి. ఇప్పటికే వాసన పట్టి ఉంటే వడగట్టి, కాల్చిన పచ్చిమిర్చి, కొత్తిమీర కొత్తగా నలిపి వేయండి. పూర్తిగా పోదు గానీ తినేటట్టు అవుతుంది.

చేదు వస్తోంది, ఎక్కడినుంచో తెలియదు

గిన్నెలో వెతకొద్దు, వేసినవాటిని ఒక్కొక్కటిగా నాలుక మీద పెట్టి చూడండి. ముందు నువ్వుల పొడి. మన పచ్చిపులుసుకు ప్రాణమూ అదే, చెడగొట్టేదీ అదే. నువ్వులు చిటపటమని లేత రంగు మారగానే దింపి, వేరే పళ్లెంలో పోయాలి. వేడి మూకుడులోనే వదిలేస్తే స్టవ్ ఆపేసినా మాడుతూనే ఉంటాయి. మాడిన పొడికి మందు లేదు, పారేసి మళ్లీ వేయించాల్సిందే. బెల్లం పోసి కప్పిపుచ్చాలని నేనూ చూశాను, తియ్యటి చేదు తయారైంది.

నువ్వుల పొడి ఉండలు కట్టడం, అడుగున పేరుకోవడం వేరే సంగతి. వేడి మీద మిక్సీ పడితే నూనె వదిలి ముద్దవుతుంది. చల్లారాక పట్టి, ముందు రెండు చెంచాల పులుసుతో పేస్టులా కలిపి, ఆ తర్వాత గిన్నెలో పోయండి. కాసేపటికి ఉబ్బి పులుసు చిక్కబడుతుంది, దానికి కంగారు వద్దు, నీళ్లు పోస్తే సరి.

కీర దోసకాయ వేసిన పెరుగు సూప్ అయితే చేదు కాయదే. తొడిమ వైపు, తొక్క కింద ఎక్కువ. కొస కోసి కొరికి చూడకుండా మిక్సీలో వేయొద్దు.

పోపు మైనంలా పైన తేలుతోంది

ఇది నాకే జరిగింది. మా ఆడబిడ్డ వాళ్లు కాజీపేట నుంచి భోజనానికి వస్తున్నారని, మర్యాదగా ఉంటుందని సల్ల చారుకు నెయ్యి పోపు పెట్టి ఫ్రిజ్‌లో పెట్టాను. తీసేసరికి తెల్లటి పలుకులు! "వదినా, ఇందులో కొబ్బరి వేశావా?" అని అడిగింది. నెయ్యి చల్లదనానికి పేరుకుంటుందన్న సంగతి ఆ టెన్షన్‌లో తట్టలేదు. చల్లటివాటికి నూనె పోపే పెట్టండి, అదీ కొంచెమే. పూర్తిగా చల్లారనిచ్చి, వడ్డించే ముందు కలపండి.

సల్ల చారు విరిగినట్టు పలుకులుగా కనిపించడానికి కూడా తరచుగా వేడి పోపే కారణం. పుల్లటి సల్ల వేడి తగిలితే విరుగుతుంది. ఊరికే పైన నీళ్లు తేలితే మాత్రం అది విరగడం కాదు, కవ్వంతో తిప్పితే కలిసిపోతుంది. మే నెలలో పెరుగు మూడు నాలుగు గంటల్లోనే తోడుకుని, ఇంకాసేపటికి పులిసిపోతుంది. తోడు తగ్గించి, గట్టిపడగానే ఫ్రిజ్‌లోకి మార్చండి.

అంబలి గడ్డలా అయింది

వేడిగా ఉన్నప్పుడు జారుగా ఉన్న రాగి అంబలి, జొన్న అంబలి చల్లారితే పిండి బిగుసుకుని గట్టిపడుతుంది. అది దాని గుణం. దించేటప్పుడే మీకు కావాల్సినదానికన్నా పలుచగా ఉండాలి. గడ్డయ్యాక సల్ల ఒకేసారి పోయకుండా, కొద్దికొద్దిగా పోస్తూ చిలకండి. పచ్చి పిండి ఉండలు ఉంటే కారణం వేరు: పిండిని నేరుగా మరిగే నీళ్లలో వేశారు. చల్లటి నీళ్లలో జారుగా కలిపి పోయాలి.

గజ్‌పాచో ఎర్రగా రాలేదు

పిల్లలు యూట్యూబ్‌లో చూసి అడిగితే ఇదీ చేశాం. స్పెయిన్ దక్షిణాన అండలూసియా వాళ్ల టమాట సూప్. టమాట, కీర, వెల్లుల్లి, పాత బ్రెడ్, ఆలివ్ నూనె, వెనిగర్. మిక్సీలో నూనె, గాలి కలిసి నారింజ రంగు వస్తుంది, అది తప్పు కాదు. ఎరుపే కావాలంటే మన వరంగల్ చపాటా మిర్చి ఒకటి గింజలు తీసి, నానబెట్టి రుబ్బి కలపండి. రంగు ఎక్కువ, కారం తక్కువ. ఆలివ్ నూనెకు బదులు పల్లీ నూనె పోస్తే మాత్రం పచ్చివాసన వస్తుంది.

బుడగలు, నురగ, జిగురు

దిద్దడానికేం లేదు, పారబోయండి. 43 డిగ్రీల ఎండలో కరెంటు పోయి పులుసు, సల్ల చారు గంటకు మించి బయట ఉంటే మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టి రాత్రికి తినొద్దు. చల్లబరచడానికి బజారు ఐసు కూడా వద్దు, అది ఏ నీళ్లతో చేశారో మనకు తెలియదు. అల్యూమినియం, ఇత్తడి గిన్నెల్లో చింతపండు పులుసు నిలవ ఉంచినా పులుపుకు లోహం దిగి కిలం రుచి వస్తుంది. స్టీలు గంజు గానీ, గాజు గిన్నె గానీ వాడండి. తొందరగా చల్లబడాలంటే ఒకే పెద్ద గంజు కాకుండా రెండు మూడు చిన్న గిన్నెల్లో పోసి పెట్టండి.