పెట్టల వీపులు బోడి కాకముందే

సంక్రాంతి దాటాక పొద్దు పెరిగేకొద్దీ పుంజుకు జతకట్టే ఊపొస్తుంది. సరిగ్గా అప్పటికే పండక్కొచ్చిన అల్లుళ్ల పుణ్యమా అని గూట్లో పెట్టలు తగ్గి ఉంటాయి. ఒక పుంజుకు 8 నుంచి 10 పెట్టలుండాలి. నాలుగే మిగిలితే పుంజు ఎక్కి తొక్కే భారమంతా వాటి మీదే పడి వీపు ఈకలు పోతాయి. ఆరు పెట్టలకు రెండు పుంజులుంటే పోటీపడి తొక్కుతాయి, ఒకదాన్ని ఇప్పుడే అమ్మేయండి. కూర వండుకున్నా సరే.

లెక్క సరిపోయినా ఊరుకోకూడదు. ప్రతి పుంజుకూ ముద్దుల పెట్ట ఒకటుంటుంది, మాటిమాటికీ దాన్నే తొక్కుతుంది. అందుకే వారానికోసారి, చీకటిపడి గూట్లోకి చేరాక, ఒక్కో పెట్టను చేతిలోకి తీసుకుని టార్చి వేసి చూడండి. పుంజు ముక్కుతో పట్టుకునేది మెడ వెనక, గోళ్లు దిగేది వీపు మీద. అక్కడ ఈకలు మధ్యకు విరిగి మొద్దులు మిగిలితే అది పుంజు పనే. ముడ్డి చుట్టూ ఈకలు పోతే ముందు పేలను వెతకండి. తరవాత రెక్క ఎత్తి డొక్క తడమండి. పుంజు కాలి ముల్లు చీల్చిన గాయం అక్కడే దాక్కుంటుంది. పైనుంచి చూస్తే పెట్ట నిక్షేపంగా ఉన్నట్టే ఉంటుంది. ఈగ వాలిందంటే పురుగు పడుతుంది.

ముల్లు లోపల ఎముక, నెత్తురు ఉంటాయి కాబట్టి కత్తిరించవద్దు. ఆకురాయితో మొనను మాత్రం గుండ్రంగా అరగదీయండి. గోళ్ల మొనలు కూడా అంతే.

పుంజును విడిగా ఉంచడానికి గంప ఒక పూటకు పనికొస్తుంది, రోజుల తరబడి కాదు. ఎండలో గంప కింద మూస్తే వడదెబ్బకు పోతుంది. నీడలో వల కట్టిన చోటు, నీళ్లు ఉండాలి. గుడ్లు తినడానికే అయితే పుంజు లేకపోయినా పెట్ట గుడ్డు పెడుతుంది. పొదగేయాలంటే వారానికి రెండు రోజులు కలిపితే చాలు. ఒకసారి తొక్కాక వారం దాకా పెట్టే గుడ్లు సాధారణంగా పిల్లలవుతాయి.

గాయమైన పెట్టను వెంటనే వేరు చేయాలి. ఎర్రగా కనబడితే తోటి పెట్టలే పొడుస్తాయి. ఉప్పు నీళ్లతో కడిగి పోవిడోన్ అయోడిన్ మందు రాయండి. లోతుగా తెగితే పశువైద్యుడికి చూపించండి. పుండు ఆరాకే, పుంజు గోళ్లు దిగకుండా వీపు మీద గుడ్డ చొక్కా వేయాలి. మెడ మొదలు నుంచి తోక మొదలు దాకా కొలిచి, పాత జీన్సు గుడ్డ రెండు పొరలు కుట్టి, రెక్కల కింద ఎలాస్టిక్ వేస్తే సరిపోతుంది. లోపల వేలు దూరేంత వదులుండాలి. వారానికోసారి విప్పి పేలు చూడండి. ఎండలు ముదిరాక మధ్యాహ్నం తీసేయడం మంచిది.

మేతలో చేపల పొడి కొద్దిగా కలిపితే ఈక త్వరగా వస్తుంది. ఉప్పు చేప, బూజు పట్టిన వేరుశనగ చెక్క మాత్రం పెట్టొద్దు. ఊడిన ఈక కొన్ని వారాల్లో మొలుస్తుంది. విరిగి మొద్దు మిగిలినది మాత్రం పెట్ట ఈకలు మార్చేదాకా రాదు, చొక్కా కూడా అప్పటిదాకా ఉండాల్సిందే.