గురి కుదరాలంటే ఎలాంటి రాకెట్ కొనాలి?

గట్టింగ్ కోసం, అంటే గట్ తీగలు వేయించుకోవడానికి, నా దగ్గరకు వచ్చిన ప్రతి బ్యాడ్మింటన్ రాకెట్‌నూ ముందు వెలుతురుకు ఎదురుగా పెట్టి చూస్తాను. గట్ ఎక్కడ అరిగిందో, ఎక్కడ తెగిందో చూస్తే ఆడే మనిషి షటిల్‌ను ఎక్కడ కొడుతున్నాడో తెలిసిపోతుంది. నడిమధ్యన, లేదా దానికి కాస్త పైన, నిలువు తీగల మీద గాట్లు పడి అక్కడే తెగితే దెబ్బ సరైన చోట పడుతోందన్నమాట. ఫ్రేము అంచును ఆనుకుని తెగితే షటిల్ అంచుకు తగులుతోంది. హనుమకొండలో పొద్దున పిల్లలకు ఆట నేర్పి, సాయంత్రం గట్టింగ్ చేస్తుంటాను. అంచున తెగిన రాకెట్లు చాలామటుకు ఖరీదైనవే కావడం నాకు బాధ కలిగిస్తుంది.

2016లో సింధు రియోలో రజతం గెలిచాక తల్లిదండ్రులు పిల్లలను వెంటబెట్టుకుని వచ్చి "మేడమ్, సింధు ఆడే రాకెట్ ఇప్పించండి" అని అడగడం మామూలైపోయింది. ఆ ఆశ మంచిదే. కానీ ఆ స్థాయి వాళ్ల రాకెట్లు వాళ్ల చేతి వేగానికి, వాళ్ల భుజబలానికి సరిపోయేలా ఉంటాయి. పన్నెండేళ్ల పిల్లకు కావలసింది వేరు. కొట్టిన ప్రతిసారీ రాకెట్ ముఖం అదే కోణంలో షటిల్‌ను కలవాలి. కోర్టు పొడవు 13.4 మీటర్లు. షటిల్ దిశ 2 డిగ్రీలు పక్కకు జరిగితే అవతలి చివర చేరేసరికి దాదాపు 47 సెంటీమీటర్ల తేడా వస్తుంది. సింగిల్స్ గీతకూ డబుల్స్ గీతకూ మధ్య ఉన్న జాగా 46 సెంటీమీటర్లే. అంటే అంత చిన్న తేడాకే లోపల పడాల్సిన షటిల్ బయట పడుతుంది.

అందుకే నేను పిడితో మొదలుపెడతాను. రాకెట్ కోణాన్ని చేతికి తెలియజేసేది పిడే. పిడి పైన ఉండే కోన్ మీద జీ4, జీ5, జీ6 అని రాసి ఉంటుంది. యోనెక్స్ కంపెనీ లెక్కలో అంకె పెరిగేకొద్దీ పిడి సన్నబడుతుంది. మన దగ్గర ఎక్కువగా దొరికేది జీ5. చాలామందికి అదే సరిపోతుంది. రాకెట్‌ను వదులుగా పట్టుకుని చూడండి. వేళ్ల కొనలకూ అరచేతి మొదలుకూ మధ్య చిటికెన వేలు పట్టేంత సందు ఉండాలి. సందు లేకుండా వేళ్లు అరచేతికి గుచ్చుకుంటుంటే పిడి సన్నం. అప్పుడు దెబ్బ తగిలినప్పుడు రాకెట్ చేతిలో తిరుగుతుంది. తిరగకుండా ఉండాలని పిల్లలు బిగించి పట్టుకుంటారు. బిగించగానే మణికట్టు బిగుసుకుంటుంది, నెట్ దాటగానే పడేలా మెల్లగా వేసే డ్రాప్ దెబ్బ నెట్‌కు తగులుతుంది. సందు మరీ ఎక్కువైతే పిడి లావు. సన్నటి పిడిని ఓవర్ గ్రిప్ అనే పలచటి పట్టీ చుట్టి లావు చేసుకోవచ్చు గానీ లావు పిడిని సన్నం చేయడం కష్టం. కాబట్టి అనుమానం ఉంటే సన్నటిదే తీసుకోండి. చేతులు బాగా చెమట పట్టేవాళ్లు, ముఖ్యంగా మార్చి దాటాక, టవల్ గ్రిప్ వేసుకుంటే పిడి జారదు.

బరువు సంగతి త్వరగా తేలిపోతుంది. 3యూ అంటే 85 నుంచి 89.9 గ్రాములు, 4యూ అంటే 80 నుంచి 84.9, 5యూ అంటే 75 నుంచి 79.9. గురి సాధన చేసే పెద్దవాళ్లకు 4యూ, చిన్నపిల్లలకు 5యూ. చేతికి బలం వస్తుందని కొందరు బాగా బరువైన ప్రాక్టీసు రాకెట్లు కొంటారు. అవి షటిల్ లేకుండా చేయి ఊపే కసరత్తుకు పనికివస్తాయి. వాటితో గురి నేర్చుకోకూడదు. షటిల్‌ను కలిసే క్షణం చేతికి ఒకలా అలవాటై, మామూలు రాకెట్ పట్టగానే అంతా తారుమారవుతుంది.

తూకం విషయంలో, అంటే బరువు తలవైపు ఉందా చేతివైపు ఉందా తేల్చడంలో, మాత్రం కాస్త ఓపిక పట్టాలి. గట్, గ్రిప్ వేసి ఉన్న రాకెట్‌ను చూపుడు వేలి మీద అడ్డంగా నిలబెట్టండి. ఏ చోట నిలిస్తే అక్కడి నుంచి పిడి అడుగు వరకు టేపుతో కొలవండి. 285 నుంచి 295 మిల్లీమీటర్ల మధ్య వస్తే సమతూకం కింద లెక్కేస్తాను. దాటితే తల బరువు, తగ్గితే తల తేలిక. తల బరువున్నది స్మాష్‌కు బలమిస్తుంది, కానీ అలసిన చేతిలో ఆలస్యంగా వస్తుంది. ఆలస్యమైతే షటిల్ పక్కకు పోతుంది. మరీ తేలికైన తల నెట్ దగ్గర చురుగ్గా ఉంటుంది గానీ వెనక గీత నుంచి క్లియర్, అంటే అవతలి వెనక గీత దాకా ఎత్తుగా పోయే దెబ్బ, కొట్టడానికి పిల్లలు భుజమంతా విసరాల్సి వస్తుంది. గురి కోసం నేను సమతూకాన్నే ఇష్టపడతాను. యోనెక్స్‌లో ఆస్ట్రాక్స్ వరస ఎక్కువగా తల బరువుది, నానోఫ్లేర్ తల తేలిక, ఆర్క్‌సేబర్ సమతూకం. కొనబోయేవాళ్లు ఆ మూడో వరసలో తక్కువ ధర మోడల్ నుంచి చూడటం మొదలుపెట్టవచ్చు. ఇంకో సంగతి, పిడికి ఓవర్ గ్రిప్ చుట్టగానే తూకం చేతివైపు జరుగుతుంది. కాబట్టి చుట్టాకే కొలవాలి.

షాఫ్ట్, అంటే పిడికీ తలకూ మధ్య ఉండే సన్నటి కడ్డీ, గట్టిగా ఉంటే దెబ్బ దిశ స్పష్టంగా ఉంటుందనే మాట నిజమే. చేయి వేగంగా తిరిగేవాళ్లకు మాత్రమే నిజం. వేగం లేని చేతిలో గట్టి షాఫ్ట్ షటిల్‌ను సగం కోర్టులోనే వదిలేస్తుంది, దాన్ని దాటించడానికి పిల్లలు ఒళ్లంతా వంచుతారు. మరీ వంగే షాఫ్ట్‌లో తల వెనకబడి వస్తుంది. ఎంత వెనకబడుతుందో దెబ్బ దెబ్బకూ మారుతుంది. మధ్యరకమే మేలు. ఇక అల్యూమినియం ఫ్రేముకు విడి షాఫ్ట్ అతికించిన చవక రకాలు కాలనీ రోడ్డు మీద సరదాగా ఆడటానికి సరే. పక్కకు తగిలినప్పుడు వాటి తల మెలితిరుగుతుంది. సాధనకు మొత్తం గ్రాఫైట్‌తో చేసినదే కావాలి. తల ఆకారం చూస్తే, పైభాగం కొంచెం చదునుగా ఉండే ఐసోమెట్రిక్ రకం మంచిది. యోనెక్స్ 1992లో తెచ్చిన ఈ ఆకారంలో, పాత కోడిగుడ్డు ఆకారం కంటే మధ్యభాగపు మంచి చోటు విశాలంగా ఉంటుంది.

ఇంత వరకు చెప్పినదంతా ఒక ఎత్తు, గట్ ఒక్కటీ ఒక ఎత్తు. షటిల్‌ను తాకేది ఫ్రేము కాదు, గట్. చాలా కొత్త రాకెట్లకు ముందే వేసి ఇచ్చే గట్ వదులుగా, నాసిగా ఉంటుంది. దాన్ని కోసేసి కొత్తది వేయించుకోండి. గురి సాధనకు 0.70 మిల్లీమీటర్ల మందం ఉన్న యోనెక్స్ బీజీ 65 రకం గట్ చాలు. ఎక్కువ కాలం నిలుస్తుంది, ధర కూడా తక్కువ. గట్ బిగువు పిల్లలకు 20 నుంచి 22 పౌండ్లు, క్రమం తప్పకుండా ఆడే పెద్దవాళ్లకు 23, 24. బిగువు పెంచితే గురి పెరుగుతుందని 28 అడిగేవాళ్లు ఉన్నారు. బిగువు పెరిగేకొద్దీ దెబ్బ పడాల్సిన మంచి చోటు కుంచించుకుపోతుంది. నడిమధ్యన కొట్టగలిగినవాళ్లకు 28 మేలు చేస్తుంది, అంచున కొట్టేవాళ్లకు కీడు చేస్తుంది. ఫ్రేము తట్టుకునే గరిష్ఠ బిగువు కోన్ దగ్గరే రాసి ఉంటుంది. అది దాటి వేయమంటే నేను వేయను.

గట్ తెగేదాకా ఆగకూడదు. వేసిన మొదటి రోజు నుంచే బిగువు తగ్గుతూ వస్తుంది. వేలితో మీటితే వచ్చే శబ్దం మందగించినప్పుడు, తీగలు పక్కకు జరిగి మళ్లీ చోటికి రానప్పుడు మార్చేయాలి. మన ఎండలు తెలిసినవే. మే నెలలో స్కూటర్ డిక్కీలోనో, తలుపులు మూసిన కారులోనో రాకెట్ వదిలేస్తే గట్ వదులైపోతుంది. సంచిలో వేసుకుని ఇంట్లోకి తీసుకుపోండి.

షటిల్ కూడా చూసుకోవాలి. ఎండాకాలపు వేడిగాలి పలచగా ఉంటుంది కాబట్టి అదే షటిల్ జనవరి కన్నా మేలో ఎక్కువ దూరం పోతుంది. పెద్దవాళ్లు ఎవరైనా వెనక గీత మీద నిలబడి కింది నుంచి పైకి గట్టిగా కొడితే అది అవతలి వెనక గీతకు 53 నుంచి 99 సెంటీమీటర్ల ఇవతల పడాలి. నియమాల పుస్తకంలో ఉన్న పరీక్ష ఇది. షటిల్ తప్పును రాకెట్ మీద వేయకండి.

రెండు రాకెట్ల మధ్య తేల్చుకోలేకపోతే స్నేహితుల దగ్గర అలాంటివే అడిగి తెచ్చుకోండి. రెంటిలోనూ ఒకే గట్, ఒకే బిగువు ఉండేలా చూడండి. గాలి లేని ఇండోర్ కోర్టులో, వెనక మూలన డబుల్స్ గీతలు కలిసే చోట 46 సెంటీమీటర్ల వెడల్పు, 76 సెంటీమీటర్ల పొడవు ఉన్న చిన్న గడి ఉంటుంది. అదే గురి. షటిల్ కార్కుకు రంగు సుద్ద రుద్ది, ఒక్కో రాకెట్‌తో పది క్లియర్లు కొట్టండి, మళ్లీ మార్చి పది. గడిలో ఎన్ని పడ్డాయని మాత్రమే లెక్కపెట్టకండి. పడినవి ఒకచోట గుంపుగా ఉన్నాయా, చెల్లాచెదురుగా ఉన్నాయా చూడండి. తర్వాత గట్ మీద సుద్ద మచ్చలు చూడండి. మచ్చలు ఒకే చోట దగ్గరగా పడిన రాకెట్ మీ చేతికి సరిపోయింది. షటిళ్లు గుంపుగా పడి గడికి పక్కగా ఉంటే రాకెట్‌ను మార్చనక్కర్లేదు, నిలబడే తీరు, పట్టుకునే తీరు సరిచేస్తే చాలు. రెండింటితోనూ మచ్చలు అంచున పడితే ఇప్పుడే కొనకండి. పాత రాకెట్‌కే 20 పౌండ్లతో కొత్త గట్ వేయించి, పిడి సరిచూసుకుని, కొన్ని వారాలయ్యాక మళ్లీ సుద్ద రుద్ది చూడండి.