సంక్రాంతికి పాత కారు తీస్తున్నారా? ముందు ఇంజిన్ మౌంటింగులు చూపించండి

పండక్కి ఊరెళ్లే ముందు టైర్లలో గాలి కొట్టిస్తాం, ఆయిల్ చూస్తాం, బంపర్‌కి నిమ్మకాయలు కూడా కడతాం. ఇంజిన్‌ని పట్టుకుని ఉండే రబ్బరు మౌంటింగులు మాత్రం ఎవరికీ గుర్తురావు. అవి ఒక్కరోజులో పోయేవి కావు మరి, ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా అరుగుతాయి, బండి వణుకూ అలాగే పెరుగుతుంది, దానికి మనమూ అంతే మెల్లగా అలవాటు పడిపోతాం. పాత డీజిల్ బండి కదా, ఆమాత్రం ఊగదా అని సరిపెట్టుకుంటాం. ఎప్పుడూ ఎక్కని బావమరిది ముందు సీట్లో కూర్చుని "ఏంటి బావా, ట్రాక్టర్‌లా ఉంది" అన్నప్పుడు గానీ తెలీదు.

మీ బండికి ఎనిమిదేళ్లు దాటినా, మీటరు 80 వేలు దాటి లక్షకి దగ్గరపడుతున్నా, బయల్దేరడానికి కనీసం రెండు వారాల ముందే ఈ పని పెట్టుకోండి. పాత మోడల్‌కి కంపెనీ పార్టు అడగ్గానే దొరకకపోవచ్చు, పైగా పండగ ముందు వారం షెడ్లన్నీ కిక్కిరిసి ఉంటాయి, ఆ హడావిడిలో చేతికి దొరికిన లోకల్ ముక్క బిగించి పంపించేస్తారు. బండి తక్కువే తిరిగింది అని ధీమా కూడా వద్దు, రబ్బరుకి కిలోమీటర్లతో పాటు వయసూ లెక్కలోకి వస్తుంది, మన ఎండలకి తోడు బానెట్ కింది వేడి కూడా కలిస్తే నిలబెట్టి ఉంచిన కారులోనూ అది గట్టిపడి పగులుతుంది.

ముందు చక్రాలు తిరిగే మన మామూలు కార్లలో సాధారణంగా మూడు గానీ నాలుగు గానీ మౌంటింగులు ఉంటాయి. ఇంజిన్ పక్కన ఒకటి, గేర్‌బాక్స్ పక్కన ఒకటి బరువు మోస్తాయి. కిందో వెనకో ఉండేది ఇంజిన్ మెలితిరగకుండా పట్టుకుంటుంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో 750 ఆర్‌పీఎం దగ్గర సెకనుకి 25 సార్లు ఇంధనం మండుతుంది, ఆ దెబ్బలన్నీ బాడీకి చేరకుండా మింగడమే ఈ రబ్బరు పని. కొన్నింట్లో లోపల ద్రవం కూడా ఉంటుంది, అది కారిపోతే పైకి రబ్బరు బాగానే కనబడుతున్నా మౌంటింగ్ పోయినట్టే.

మెకానిక్ దగ్గరికి వెళ్లేముందు ఒకటి రెండు రోజులు బండి ఎప్పుడెప్పుడు వణుకుతోందో మీరే గమనించండి, రోగం ఏంటో సగం అక్కడే తేలిపోతుంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు స్టీరింగు, సీటు, లోపలి అద్దం అన్నీ అదురుతూ, యాక్సిలరేటర్ కాస్త తొక్కి 1200, 1500 దాకా లేపగానే సద్దుమణిగితే మౌంటింగుల్ని గట్టిగా అనుమానించాలి. ఏసీ వేయగానే అదురు ఎక్కువవుతోందా, ఆటోమేటిక్ అయితే బ్రేకు మీద కాలుంచి డీలో వేస్తే పెరిగి న్యూట్రల్‌లో తగ్గుతోందా చూడండి, అవునంటే ఆ అనుమానం ఇంకా బలపడుతుంది. ఫస్ట్ గేరులో క్లచ్ వదిలినప్పుడు, లేదా యాక్సిలరేటర్ మీంచి కాలు తీసినప్పుడు ముందు నుంచి 'దడ్' మని ఒక్క దెబ్బ వినిపిస్తే కింది మౌంటింగ్ సంగతి ముందు చూడాలి.

అదే 80, 100 స్పీడులో మాత్రమే స్టీరింగు వణుకుతుంటే అది చాలావరకు వీల్ బ్యాలెన్సింగ్. ఇంజిన్ లయ తప్పి దగ్గినట్టు ఆడుతూ చెక్ లైటు మెరుస్తుంటే ప్లగ్గులు, కాయిల్, ఇంజెక్టర్లు చూపించండి, మౌంటింగుల జోలికి అప్పుడే వెళ్లొద్దు. మూడు మౌంటింగులూ మార్పించినా వణుకు పోలేదని తిట్టుకునేవాళ్లు ఉంటారు చూడండి, వాళ్లలో చాలామంది ఈ క్రమం తప్పినవాళ్లే. ఇంకోటి, ఆల్టో, క్విడ్ లాంటి మూడు సిలిండర్ల బళ్లకి పుట్టుకతోనే కొంత వణుకు ఉంటుంది, దాన్ని పక్కింటివాళ్ల నాలుగు సిలిండర్ల కారుతో పోల్చి టెన్షన్ పడకండి, అదే మోడల్ ఇంకో బండి ఎక్కి చూడండి.

ఊరెళ్లి అట్నుంచి తిరుమలో శ్రీశైలమో అరకో అనుకుంటుంటే ఇంకాస్త జాగ్రత్త. హైవే మీద ఐదో గేరులో సాఫీగా పోతున్నప్పుడు మౌంటింగుల మీద పెద్ద భారం ఉండదు. ఘాట్‌లో మొదటి, రెండో గేర్లలో ఎక్కుతున్నప్పుడు చక్రాలకి ఎంత బలం వెళ్తుందో అంత బలంతో ఇంజిన్ వెనక్కి మెలితిరగాలని చూస్తుంది, మామూలు చిన్న కార్లలో ఇంజిన్ లాగుడు అంతే ఉన్నా మొదటి గేరులో ఆ మెలి ఐదో గేరు కంటే నాలుగు రెట్లకి పైనే ఉంటుంది. ప్రతి మలుపులో తొక్కడం, వదలడం, మళ్లీ తొక్కడం. దిగేటప్పుడు ఇంజిన్ బ్రేకింగ్‌తో, అంటే గేరులోనే ఉంచి యాక్సిలరేటర్ వదిలి స్పీడు అదుపు చేస్తుంటే, అదే ఇంజిన్ రెండో వైపుకి మెలితిరుగుతుంది. అప్పటికే సగం చీలిన రబ్బరు పూర్తిగా తెగడానికి ఇంతకంటే అనువైన చోటు ఉండదు.

తెగితే ఏమవుతుంది, కాస్త ఊగుతుంది అంతేగా అంటారు కొందరు. ఇంజిన్ ఊగినప్పుడల్లా దానికి తగిలించినవన్నీ సాగుతాయి, రేడియేటర్ గొట్టాలు, వైర్లు, గేర్ కేబుళ్లు, సైలెన్సర్‌కి ముందుండే జాలీ గొట్టం. ఆ జాలీ గొట్టం చీలితే నాకు అసలు భయం, పొగ బానెట్ కిందికే వస్తుంది, పండగ ముందు రోజు హైదరాబాద్-విజయవాడ హైవే మీద పంతంగి టోల్ దగ్గర క్యూలో కదలకుండా నిలబడితే ఆ పొగ క్యాబిన్‌లోకీ చేరొచ్చు. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు. వెనక సీట్లో పిల్లలకి తలనొప్పి, వికారం అంటే ఏసీ పడలేదులే అనుకోకుండా ముందు అద్దాలన్నీ దించి, బండి పక్కకి తీసి, అందర్నీ బయటికి దించండి.

అమెరికాలో 1971లో జనరల్ మోటార్స్ దాదాపు 67 లక్షల షెవ్రొలే బళ్లను ఈ మౌంటింగుల వల్లే వెనక్కి పిలిచింది. మౌంటింగ్ తెగితే ఇంజిన్ పైకి లేచి యాక్సిలరేటర్ లింకుని లాగేసేది, బండి దానంతటదే దూకేది. ఇప్పటి ఎలక్ట్రానిక్ యాక్సిలరేటర్లలో ఆ గొడవ లేదు గానీ, కేబుల్‌తో నడిచే పాత బండి ఉంటే ఆ కేబుల్ కూడా ఒకసారి చూపించండి.

ఇంట్లో చేసుకునే పరీక్ష ఒకటుంది, ఇద్దరు కావాలి. చదునైన చోట హ్యాండ్‌బ్రేక్ లాగి, బానెట్ ఎత్తి, ఒకరు బ్రేకు గట్టిగా తొక్కి ఉంచి ఆటోమేటిక్ అయితే డీ, ఆర్ మార్చాలి, మాన్యువల్ అయితే ఫస్ట్‌లో, రివర్స్‌లో క్లచ్‌ని కొద్దిగా పట్టీ పట్టనట్టు వదలాలి. రెండోవాళ్లు పక్క నుంచి ఇంజిన్‌ని చూడాలి. బండికి ముందుగానీ వెనకగానీ ఎవ్వరూ నిలబడకూడదు, చున్నీలు, వదులు చొక్కా చేతులు బెల్టు దగ్గరికి రాకూడదు. ఇంజిన్ కాస్త కదలడం మామూలే, అంగుళం పైన లేచి దబ్బున కూలబడితే మామూలు కాదు. తర్వాత ఇంజిన్ ఆపి, చల్లారాక టార్చి వేసి చూడండి. ఆపిన కాసేపటికి కూడా రేడియేటర్ ఫ్యాన్ హఠాత్తుగా తిరగొచ్చు, వేళ్లు దూరంగా ఉంచండి. రబ్బరులో చీలిక, కింద నల్లటి జిడ్డు చార, రెండు ఇనుములు రాసుకుని ఒకచోట మాత్రం కొత్త రూపాయిలా మెరవడం, వీటిలో ఏది కనబడినా ఫోన్లో ఫోటో తీసుకుని షెడ్డుకి వెళ్లండి.

షెడ్డులో దగ్గరుండి చూడాల్సింది ముఖ్యంగా జాకీ. ఇంజిన్‌ని ఎత్తి పట్టడానికి ఆయిల్ చాంబర్ కింద జాకీ నేరుగా ఆనిస్తే అది సొట్టపడుతుంది, అల్యూమినియం అయితే పగులుతుంది, మధ్యలో వెడల్పాటి చెక్క దిమ్మ పెట్టమనండి. మౌంటింగ్ మీదికి ఆయిల్ కారుతుంటే ముందు ఆ లీకు ఆపించాలి, లేకపోతే కొత్త రబ్బరు కూడా ఉబ్బి మెత్తబడిపోతుంది. సర్వీసు పేరుతో ఇంజిన్ మీద డీజిల్ కొట్టి కడుగుతారు చూశారా, ఇంజిన్ తళతళలాడుతుంది గానీ రబ్బర్లకి అదీ శత్రువే, వద్దని చెప్పండి. సైకిల్ ట్యూబు ముక్కలు దూర్చడం, సిలికాన్ నింపడం, పాత సామాన్ల షాపు నుంచి ఇంకో బండి మౌంటింగ్ తేవడం, ఇవేవీ నేనైతే ఒప్పుకోను. లోకల్ వాటిలో రబ్బరు గట్టిగా ఉండి మొదటి రోజు నుంచే పాతదానికంటే ఎక్కువ అదిరేవి ఉన్నాయి, అందుకే కాస్త ఖరీదైనా కంపెనీదే వేయించండి. ఒకటే తెగి మిగతావి బాగుంటే ఒకటే మార్చినా తప్పులేదు, కానీ ఒకటి పోయాక దాని భారం మోసింది మిగతావే కాబట్టి వాటినీ విప్పించి చూడాలి. బోల్టులన్నీ వదులుగా ఎక్కించి, ఇంజిన్‌ని దాని చోట కూర్చోనిచ్చి, జాకీ తీశాకే చివరి బిగింపు టార్క్ రెంచితో, అంటే బిగింపు ఎంతో కొలిచే రెంచితో వేయాలి. లేకపోతే కొత్త రబ్బరు మెలితిరిగే బిగుసుకుంటుంది, వణుకు అలాగే ఉంటుంది.

మార్పించాక సామాను, మనుషుల్ని ఎక్కించుకుని ఊళ్లోనే కొంచెం తిరిగి, బోల్టులు మళ్లీ ఒకసారి చూపించి అప్పుడు బయల్దేరండి. హైదరాబాద్ వైపు నుంచి శ్రీశైలం వెళ్లేవాళ్లు దారిలో అడవి మొదట్లో ఉండే మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసి ఉంటుందని గుర్తుంచుకుని పగలే దాటేలా చూసుకోండి, ఆ అడవిలో చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ కూడా ఉండదు. దారిలో దడేల్‌మని శబ్దం వచ్చి గేర్లు పడకపోయినా, ఇంజిన్ ఒక పక్కకి ఒరిగినట్టు అనిపించినా ఇంకో పది కిలోమీటర్లేగా అని లాగొద్దు. హజార్డ్ లైట్లు వేసి పక్కకి ఆపి, జాతీయ రహదారి మీదైతే 1033కి ఫోన్ చేయండి, తాడు కట్టి లాగించకుండా బండిని మొత్తంగా ఎక్కించుకునే లారీనే పిలిపించుకోండి.