మెత్ ప్రమాదాన్ని పసిగట్టడం, మూడో పాఠం: ముందు ఒంటిని చూడండి

పోయిన పాఠం చివర ఒక పని ఇచ్చాను. ఇంట్లో మెత్ (మెథాంఫెటమైన్ అనే, హుషారెక్కించే మత్తుపదార్థం) వాడుతున్నారని అనుమానం ఉన్న మనిషి నిద్ర, తిండి ఒక వారం పాటు రాసి పెట్టమన్నాను. రాసినవాళ్లకు ఒక వరస కనిపించే ఉంటుంది. రెండు మూడు రోజులు కన్ను మూయరు, తిండి మాటే ఎత్తరు. ఆ తర్వాత ఒక రోజంతా, ఒక్కోసారి రెండు రోజులు లేవకుండా పడుకుంటారు. లేచాక ఆవురావురుమని తింటారు. రాయడానికి మనసొప్పనివాళ్లు కూడా ఈ పాఠం నిరభ్యంతరంగా చదవచ్చు.

ఇవాళ నేర్చుకునేది ఒకటే. మెత్ తీసుకున్న మనిషి మీ కళ్లముందు ఉన్నప్పుడు, ఇది ఆసుపత్రికి పరిగెత్తాల్సిన సమయమా కాదా అని తేల్చుకోవడం, ఆ మొదటి గంటలో ఏం చేయాలో తెలిసి ఉండడం. ఇలాంటప్పుడు ఇంటివాళ్ల దృష్టి సాధారణంగా ప్రవర్తన మీదే ఉంటుంది. ఎందుకు అరుస్తున్నాడు, అబద్ధం ఎందుకు చెప్పాడు, డబ్బు ఎక్కడిది? ఇవన్నీ అడగాల్సిన ప్రశ్నలే. కానీ తర్వాత. ముందు ఒళ్లు చూడాలి.

మత్తు దిగినా మెత్ దిగదు

మెత్ మెదడులో డోపమైన్, నార్‌ఎపినెఫ్రిన్ అనే రసాయనాలను నాడీకణాల్లోంచి పెద్ద ఎత్తున బయటికి తోసేస్తుందని మొదటి పాఠంలో చదువుకున్నాం. మొదటిది హుషారు ఇస్తుంది. రెండోది గుండెను పరిగెత్తించి, రక్తనాళాలను బిగించి, బీపీ పెంచుతుంది. ఇప్పుడు దానికి ఇంకో విషయం కలపండి. ఒంట్లో చేరిన మెత్ సగానికి తగ్గడానికే దాదాపు 10 నుంచి 12 గంటలు పడుతుంది. కొకైన్‌కైతే సుమారు ఒక గంట చాలు. అయితే వాడిన మనిషికి హుషారు అంతసేపు ఉండదు, రక్తంలో మెత్ ఇంకా బోలెడు ఉండగానే అది తగ్గిపోతుంది. అందుకే మళ్లీ తీసుకుంటారు. అలా ఒకదాని మీద ఒకటి పేరుకుపోతుంది.

కాబట్టి 'నాకేం కాలేదు, అంతా దిగిపోయింది' అన్న మాటను కొలతగా తీసుకోకండి. ఆ మనిషి అబద్ధం చెప్పకపోవచ్చు, తనకు నిజంగానే అలా అనిపిస్తుండవచ్చు. ఒళ్లు మాత్రం ఇంకా మెత్ చెప్పినట్టే ఆడుతుంటుంది.

అలసటను, ఆకలిని, దాహాన్ని తెలియనివ్వకపోవడం ఈ పదార్థానికి మొదటి నుంచీ ఉన్న గుణమే. 1893లో జపాన్ శాస్త్రవేత్త నగాయి నగాయోషి దీన్ని తయారుచేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీలో పెర్విటిన్, జపాన్‌లో ఫిలోపాన్ అనే పేర్లతో ఈ మాత్రలనే సైనికులు నిద్ర రాకుండా మింగారు. అలిసిపోయానని ఒళ్లు చెప్పే మాట మనిషికి వినపడకుండా పోవడమే ఇందులో అసలు ప్రమాదం. ఆ మాట పక్కనున్నవాళ్లు వినాలి.

వేడి: అన్నిటికంటే ముందు చూడాల్సింది

మెత్ వల్ల హఠాత్తుగా ప్రాణం పోయే దారులు కొన్ని ఉన్నాయి. వాటిలో ఇంటివాళ్లు ముందుగా పట్టుకోగలిగేది ఒంటి వేడి. కండరాలు ఆగకుండా కదులుతుంటాయి, వేడి పుడుతూనే ఉంటుంది. మరోవైపు చర్మంలోని రక్తనాళాలు బిగుసుకుపోయి ఆ వేడి బయటికి పోదు. ఆ పైన గది ఉక్కగా ఉన్నా, మనిషి నీళ్లు తాగకపోయినా ఇక చెప్పక్కర్లేదు.

ఇక్కడే చాలామంది మోసపోతారు. చెయ్యి పట్టుకుని చూస్తే చల్లగా తగులుతుంది, హమ్మయ్య అనుకుంటారు. రక్తనాళాలు బిగుసుకున్నప్పుడు చేతులు, కాళ్లు చల్లగానే ఉండొచ్చు. మీ అరచెయ్యి తిప్పి, చేతి వెనక భాగాన్ని ఆ మనిషి ఛాతీ మీద, తర్వాత మెడ వెనక ఆనించి చూడండి. వెంటనే మీ ఛాతీ మీద ఆనించి పోల్చుకోండి. ఇప్పుడే ఇంట్లో ఎవరి మీదైనా ఒకసారి చేసి చూస్తే, మామూలు వేడి ఎలా ఉంటుందో చేతికి అలవాటవుతుంది. థర్మామీటర్ ఉంటే మంచిదే. చంకలో పెడితే అసలు వేడి కంటే కొంచెం తక్కువే చూపిస్తుందని గుర్తుంచుకోండి. 40 డిగ్రీల సెల్సియస్, అంటే 104 ఫారన్‌హీట్‌కు చేరితే ప్రాణం మీదికి వచ్చినట్టే. అంకె తెలిసేదాకా ఆగమని కాదు. ఒళ్లు కాలిపోతూ మాట తడబడుతున్నా, ఎక్కడున్నాడో తెలియకపోయినా అంబులెన్స్‌కు ఫోన్ చేయాల్సిందే.

వేడి అక్కడితో ఆగదు. కండరాలు చితికి, వాటిలోని పదార్థం రక్తంలో కలిసి కిడ్నీలను దెబ్బతీస్తుంది. మూత్రం డికాక్షన్ రంగులో వస్తోందంటే అది ఈ సంగతే చెబుతోంది. ఆ పూట మనిషి బాగానే ఉన్నట్టు కనిపించినా ఆసుపత్రికి వెళ్లాలి.

ఫోన్ చేశాక, వాళ్లు వచ్చేలోపు

ఆ మనిషిని చల్లటి చోటికి తీసుకురండి. బిగుతు బట్టలు తీసేయండి. ఒంటి మీద నీళ్లు చల్లి ఫ్యాన్ గట్టిగా పెట్టండి. ఐస్ ఉంటే గుడ్డలో చుట్టి చంకల్లో, గజ్జల్లో, మెడ దగ్గర పెట్టండి. పూర్తి స్పృహలో ఉంటేనే నీళ్లు గుటక గుటకగా తాగించండి, లీటర్ల కొద్దీ బలవంతంగా పట్టించొద్దు.

జ్వరం మాత్ర ఇవ్వకండి. ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు మెదడే ఒంటి వేడిని పెంచుతుంది, పారాసిటమాల్ ఆ ఆజ్ఞను తగ్గిస్తుంది. ఇక్కడ వేడి కండరాల నుంచి వస్తోంది, దాని మీద ఆ మాత్ర పని చేయదు. దాన్ని నమ్ముకుని అరగంట వేచి చూడడమే అసలు నష్టం. ఇంట్లో ఉన్న నిద్రమాత్రలు కూడా వద్దు. ఆసుపత్రిలో ఇలాంటివాళ్లను శాంతపరచడానికి బెంజోడయజపైన్ రకం మందులే ఇస్తారు, నిజమే. కానీ అక్కడ ఊపిరిని, గుండెను చూస్తూ ఇస్తారు.

నలుగురు కలిసి బోర్లా పడేసి అదిమి పట్టడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చేయొద్దు. ఇది గట్టిగానే చెబుతున్నాను. పెనుగులాడిన కొద్దీ ఒంట్లో వేడి, రక్తంలో ఆమ్లం పెరుగుతాయి. ఛాతీ అణిగి ఊపిరి అందదు. తను తననో ఇంకొకరినో గాయపరచకుండా చుట్టూ ఉన్న వస్తువులు తీసేసి, దారి వదిలి, కాస్త దూరంగా నిలబడడం మేలు.

ఫిట్స్ వస్తే నోట్లో ఏమీ పెట్టకండి. తల కింద మెత్తటిది ఉంచి, అవి ఆగాక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఛాతీలో నొప్పి అంటే వయసు చూసి కొట్టిపారేయొద్దు. మెత్ వాడే పాతికేళ్లవాళ్లకు కూడా గుండెపోటు రావచ్చు. మూతి ఒక పక్కకు లాగడం, ఒక చెయ్యి లేవకపోవడం, మాట ముద్దగా రావడం, ఉన్నట్టుండి భరించలేని తలనొప్పి పక్షవాతం గుర్తులు. బీపీ ఎగదన్ని మెదడులో రక్తనాళం చిట్లితే యువకులకైనా ఇదే జరుగుతుంది.

అంబులెన్స్‌వాళ్లకు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఏం తీసుకున్నాడు, ఎప్పుడు, ఎలా, దాంతోపాటు మద్యం గానీ ఇంకేదైనా గానీ ఉందా, డిప్రెషన్ మాత్రలు వాడుతున్నాడా? కొన్ని రకాల డిప్రెషన్ మాత్రలతో మెత్ కలిస్తే బీపీ, వేడి మరీ ప్రమాదకరంగా పెరుగుతాయి. ఎన్ని రోజులుగా నిద్ర లేదో పోయిన వారం మీరు రాసిన కాగితం చూసి చెప్పొచ్చు. పరువు పోతుందని 'ఏదో పడలేదండి' అంటే, డాక్టర్ విలువైన సమయాన్ని వేరేదాని కోసం వెతకడంలో పోగొట్టుకుంటారు.

భయంతో ఉన్న మనిషితో మాట

రోజుల తరబడి నిద్ర లేకుండా మెత్ మీద ఉన్నవాళ్లకు ఎవరో వెంటాడుతున్నారని, తన గురించే మాట్లాడుకుంటున్నారని గట్టి నమ్మకం కలగొచ్చు. చర్మం కింద పురుగులు పాకుతున్నట్టు అనిపించి గీరుకుని, గిల్లుకుని పుండ్లు చేసుకుంటారు. ఇక్కడ మీ నోటి మాటే మీ చేతిలో ఉన్న సాధనం. ఒక ఉదాహరణ చూద్దాం.

"అక్కా, లైటు తీసెయ్. కిటికీ అవతల ఎవరో ఉన్నారు. మన ఫోన్లు వింటున్నారు."

"నీకేమైనా పిచ్చా? అక్కడెవరూ లేరు!" అంటే అక్క కూడా వాళ్లలో కలిసిపోయిందని తమ్ముడు అనుకుంటాడు. "అవునురా, నేనూ చూశాను" అంటే భయానికి సాక్ష్యం దొరికినట్టవుతుంది. ఇలా అనొచ్చు:

"నాకైతే ఎవరూ కనపడలేదురా. కానీ నీకు చాలా భయంగా ఉందని తెలుస్తోంది. లైటు తగ్గిస్తాను. నేనిక్కడే ఉంటాను. ఒళ్లు కాలిపోతోంది, ముందు ఈ నీళ్లు తాగు."

ఇందులో అక్క అబద్ధమాడలేదు, వాదించలేదు. వాదన వదిలేసి ఒంటి దగ్గరికి వచ్చింది. గొంతు తగ్గించి, చిన్న మాటలతో, ఎదురుగా కాకుండా కొంచెం పక్కగా కూర్చుని చెప్పండి. తలుపుకు అడ్డంగా కూర్చోవద్దు, తమ్ముడికీ మీకూ ఇద్దరికీ బయటికి దారి ఉండాలి. చేతిలో ఆయుధం ఉంటే ఈ పాఠం అక్కడికి సరిపోదు. బయటికి వచ్చేసి సాయం పిలవండి.

చాలామందిలో ఈ భ్రమలు మెత్ ఆపి, నిద్రపోయాక కొన్ని రోజుల్లో తగ్గుతాయి. కొందరిలో నిలిచిపోతాయి. వారం దాటినా పోకపోతే మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లాలి. భ్రమలో తననో ఇతరులనో గాయపరిచేలా ఉంటే ఒక్క రోజు కూడా ఆగొద్దు.

'పడుకున్నాడులే' అనుకునే ముందు

మెత్ దిగాక వచ్చే గాఢనిద్ర మామూలే. కానీ అది నిద్రో, స్పృహ తప్పడమో చూసుకోవాలి. భుజం తట్టి పేరు పెట్టి పిలిస్తే విసుక్కుంటూనైనా కళ్లు తెరవాలి. ఛాతీ వైపు చూస్తూ ఒక నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టండి. పెద్దవాళ్లు మామూలుగా నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తారు. అది బాగా తగ్గి, గురక గరగరమంటూ, పెదవులు నీలంగా మారి, కంటిపాపలు సూదిమొనల్లా ఉంటే అది మెత్ పని కాకపోవచ్చు. మెత్‌కైతే కంటిపాపలు పెద్దవవుతాయి. ఫెంటనిల్ లాంటి ఓపియాయిడ్ (ఊపిరిని తగ్గించే నల్లమందు రకం పదార్థం) కలిసిన సరుకు వాడిన మనిషికి తెలియకుండానే ఒంట్లోకి పోయి ఉండొచ్చు. దొరికితే ఓపియాయిడ్‌కు విరుగుడైన నాలోక్సోన్ స్ప్రే ముక్కులో కొట్టండి, అంబులెన్స్‌కు ఫోన్ చేయండి. అనుమానం తప్పయినా దానివల్ల హాని లేదు. మెత్‌కు మాత్రం అది విరుగుడు కాదు.

నిద్ర లేచాక మొదలయ్యేది ఇంటివాళ్లు తక్కువ అంచనా వేసే దశ. దేని మీదా ఆసక్తి ఉండదు, మనసు బరువెక్కుతుంది, మళ్లీ మెత్ కావాలనిపిస్తుంది. ఇది సుమారు వారం, పది రోజులు బాగా గట్టిగా ఉండి, తర్వాత కొన్ని వారాలు మెల్లగా తగ్గుతుంది. ఆత్మహత్య ఆలోచనలు వచ్చే రోజులివి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం అక్కర్లేదు. అవునంటే ఒంటరిగా వదలొద్దు, అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

అభ్యాసం

మూడు సందర్భాలు ఇస్తున్నాను. జవాబు కాగితం మీద రాసుకుని, ఆ తర్వాతే కింద చదవండి.

ఒకటి. మెత్ తీసుకుని ఆరు గంటలైన అన్నయ్య చేతులు చల్లగా ఉన్నాయి. గదిలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. 'ఇవాళ తేదీ ఎంత' అంటే సంబంధం లేని మాట చెబుతున్నాడు.

రెండు. రెండు రోజుల జాగరణ తర్వాత పడుకున్న స్నేహితురాలు పిలిస్తే 'ఊఁ, పడుకోనీ' అంటోంది. ఊపిరి నిమిషానికి 14.

మూడు. మానేసి నాలుగు రోజులైన కొడుకు తనకిష్టమైన వస్తువులన్నీ స్నేహితులకు పంచేస్తున్నాడు. ముఖం ప్రశాంతంగా ఉంది.

మొదటిదాంట్లో చల్లటి చేతులను లెక్కచేయకుండా ఛాతీ, మెడ చూడాలి. వేడి ఎలా ఉన్నా తికమక ఉంది కాబట్టి అంబులెన్స్ పిలవాలి. రెండోది నిద్రే. పక్కకు తిప్పి పడుకోబెట్టి, మధ్యమధ్య ఊపిరి చూస్తూ ఉంటే చాలు. మూడోదాంట్లో ఆ ప్రశాంతతను చూసి నిశ్చింతగా ఉండొద్దు. వస్తువులు పంచేయడం ఆత్మహత్యకు ముందు కనిపించే గుర్తుల్లో ఒకటి, పైన చెప్పిన ప్రశ్న ఇప్పుడే అడగాలి.

నాలుగో పాఠంలో చికిత్స చూద్దాం. మెత్ మాన్పించడానికే ప్రత్యేకంగా ఆమోదం పొందిన మందు లేదు. 2021లో ప్రచురించిన ఒక పెద్ద పరీక్షలో నాల్ట్రెక్సోన్ ఇంజెక్షన్, బుప్రోపియాన్ మాత్ర కలిపి ఇచ్చినవాళ్లలో 13.6 శాతం మందికి, ఉత్తుత్తి మందు ఇచ్చినవాళ్లలో 2.5 శాతం మందికి ఫలితం కనిపించింది. మూత్ర పరీక్షలో మెత్ కనపడని ప్రతిసారీ చిన్న బహుమానం ఇచ్చే పద్ధతి ఇప్పటిదాకా ఎక్కువ ఫలితం చూపింది. దాన్ని ఎలా నడుపుతారో, అందులో ఇంటివాళ్ల పాత్ర ఏమిటో వివరంగా చెబుతాను. ఈలోగా చెయ్యి వెనక భాగంతో వేడి చూడడం, నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టడం రోజుకొకసారి ఇంట్లో ఎవరి మీదైనా సాధన చేయండి.