పాత రూపాయి, పాత దస్తావేజు: కంపెనీ నాటివా, రాణి నాటివా తేల్చుకోవడం ఎలా?

పెట్టె అడుగున దొరికిన వెండి రూపాయినో, మడతల దగ్గర చిరిగిపోతున్న దస్తావేజునో ముందు పెట్టుకొని, అది ఈస్టిండియా కంపెనీ కాలానిదో, విక్టోరియా రాణి ప్రభుత్వానిదో తేల్చదలచినవారు మొదట రెండు తేదీలు గుర్తుంచుకోవాలి. పరిపాలనను కంపెనీ చేతినుంచి తప్పించి రాణికి అప్పగించిన చట్టానికి 1858 ఆగస్టు 2న ఆమోదం లభించింది. రాణి ప్రకటనను గవర్నర్ జనరల్ కానింగ్ నవంబరు 1న అలహాబాదులో చదివించాడు. అయితే అధికారం మారిన రోజునే టంకశాల అచ్చులు, కచేరీ రాతలు మారలేదు.

ముందు నాణెం చూడండి. విక్టోరియా ముఖం కనబడగానే అది రాణి ప్రభుత్వపు నాణెమని తీర్మానించడం తరచూ జరిగే పొరపాటు, ఎందుకంటే 1840 నాటి కంపెనీ రూపాయి మీదా ఆమె ముఖమే ఉంది. ఆ తలకు కిరీటం ఉండదు. 1862 రూపాయి మీది తలకు ఉంటుంది. బొరుసు వైపు తిప్పితే సందేహం పూర్తిగా తీరుతుంది: పాతదాని మీద ఈస్టిండియా కంపెనీ అనీ, కొత్తదాని మీద ఇండియా అనీ ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది. కాకపోతే 1840 అనే అంకెను నమ్మి ఏడాది నిర్ణయించకండి. అదే సంవత్సరం వేసి ఆ రూపాయలను ఆ తరువాత చాలా ఏళ్లు ముద్రించారు.

దస్తావేజులో ఫసలీ, అంటే శిస్తు లెక్కల సంవత్సరం, ఉంటే, మద్రాసు ప్రెసిడెన్సీ లెక్కన దానికి 590 కలపండి, ఆ ఫసలీ మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. 1267, అంతకు ముందువి కంపెనీవి. 1269 మొదలుకొని రాణివి. 1268 అయితే 1858 జూలైలో మొదలైన ఏడాది కనుక నెల కూడా చూడక తప్పదు. తేదీ చిరిగిపోతే జిల్లా పేరు వెతకండి: రాజమండ్రి, మచిలీపట్నం, గుంటూరు జిల్లాలను 1859లో గోదావరి, కృష్ణా జిల్లాలుగా మార్చారు. కంపెనీ నాటి పై కోర్టు అయిన సదర్ అదాలత్ ప్రస్తావన ఉంటే, మద్రాసు హైకోర్టు ఏర్పడిన 1862కు ముందటిదని భావించవచ్చు. కలెక్టరు అన్న మాట మాత్రం ఏమీ తేల్చదు. 1833 చట్టంతో వ్యాపారం మానుకొని కంపెనీ కేవలం పాలకసంస్థగా మిగిలింది. కనుక 1858లో లండనులో కంపెనీ డైరెక్టర్ల సభ పోయి, ఇండియా వ్యవహారాలు చూసే బ్రిటిషు మంత్రి అయిన సెక్రటరీ ఆఫ్ స్టేట్ వచ్చినా, శిస్తు కట్టే రైతుకు కచేరీలో కనబడింది అదే కొలువు.

నిజాం రాజ్యపు నాణేలకు ఈ పరీక్షలు పనికిరావు. వాటిపై అంతవరకు ఉన్న మొగలు చక్రవర్తి పేరు 1857 తిరుగుబాటు తరువాత తొలగి, నిజాముల వంశపు బిరుదైన అసఫ్ జా పేరు వచ్చింది.