బాలింతకు ఏ చేప కొనాలి?

మా అమ్మాయికి పురుడు వచ్చినప్పుడు మా అత్తగారు మొదట అడిగింది సొరపిట్టు, అంటే సొర చేపతో (షార్క్) చేసే పిట్టు. పాలు పడతాయని మా వైపు ఆనవాయితీ. నేను మాత్రం విశాఖ ఫిషింగ్ హార్బర్‌ నుంచి కవళ్లు, నెత్తళ్లు అనే చిన్న చేపలు తెచ్చాను.

కారణం పాదరసం. సముద్రపు నీటిలో అది చాలా తక్కువే. బ్యాక్టీరియా దాన్ని మిథైల్ మెర్క్యురీ అనే విష రూపంలోకి మారుస్తుంది. నాచు పీల్చుకుంటుంది, నాచును సన్న పురుగులు, వాటిని కవళ్లు, కవళ్లను వంజరం, వంజరాన్ని పెద్ద సొర తింటాయి. ఒంట్లో చేరింది త్వరగా బయటికి పోదు. మెట్టు మెట్టుకీ పోగవుతూ పైనున్న చేపలో నీటికంటే లక్షల రెట్లు అవుతుంది. జపాన్‌లోని మినమాటలో 1956లో బయటపడిన జబ్బుకు కారణం ఇలా చేపల్లో చేరిన పాదరసమే. అక్కడ తల్లులు బాగానే కనిపించినా, కడుపులోని బిడ్డల మెదడు దెబ్బతింది.

అందుకే చేప తాజాదనంతోపాటు అది ఏం తిని, ఎన్నేళ్లు బతికిందో చూడండి. కవళ్లు, నెత్తళ్లు, కానాగంతలు మంచివి. పెద్ద సొర, కొమ్ముకోనం వద్దు. అలాగని చేపలు మానేయకండి. పాదరసం తక్కువున్నవి వారానికి 225 నుంచి 340 గ్రాములు తినమని అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ బాలింతలకు చెబుతోంది.

ఉప్పు, పసుపుతో కడిగినా, ఎంత ఉడికించినా పాదరసం పోదు, అది కండలోనే ఉంటుంది. డీడీటీ (పురుగుమందు), పీసీబీల్లాంటి (పరిశ్రమల రసాయనాలు) విషాలు కొవ్వులో చేరతాయి. తోలు, పొట్ట దగ్గరి కొవ్వు తీసేస్తే అవి కొంత తగ్గుతాయి.

వెల్లుల్లి దట్టించి కవళ్లతోనే పిట్టు చేశాను. ముళ్లు తీయడానికే గంట పట్టింది.