అమ్మని తీసుకుని షియాన్ వెళ్తే

చైనాలోని షియాన్ వెళ్తున్నామంటే అందరూ అడిగేది ఒకటే, "మట్టి సైనికుల్ని చూడ్డానికా?" అని. చైనా మొదటి చక్రవర్తి సమాధికి కాపలాగా మట్టితో చేసి పాతిపెట్టిన సైనికుల బొమ్మలవి. వాళ్లని చూడాల్సిందే. కానీ ఒక్క పూటలో అది ముగించుకుని బీజింగ్ రైలెక్కేస్తే ఊరు చూడనట్టే. మా తమ్ముడు అక్కడ మెడిసిన్ చదివేటప్పుడు నేనూ అమ్మా వెళ్లి నాలుగు రోజులున్నాం. అమ్మకి మోకాళ్ల నొప్పులు, పైగా మాంసం ముట్టదు. అలాంటి వాళ్లతో వెళ్లేవాళ్లకి ఇది పనికొస్తుంది.

ముందు ఫోన్ సంగతి. ఇక్కడే అలీపే (చైనాలో డబ్బులు కట్టే యాప్) వేసుకుని మీ కార్డు దానికి కలిపేయండి. అక్కడ రోడ్డు పక్క చిలగడదుంపలు కాల్చి అమ్మేవాళ్లు కూడా క్యూఆర్ కోడే చూపిస్తారు. అక్కడి వైఫైలో వాట్సాప్, గూగుల్ రావు. మన సిమ్‌కి రోమింగ్ వేయించుకుంటే వస్తాయి. టికెట్లన్నీ పాస్‌పోర్ట్ మీదే కాబట్టి అది ఎప్పుడూ దగ్గరుండాలి. అక్టోబర్ మొదటి వారం వాళ్లకి జాతీయ సెలవులు, ఆ రోజుల్లో వెళ్లకండి.

మట్టి సైనికులు ఊళ్లో ఉండరు, తూర్పున 40 కిలోమీటర్ల దూరంలో లింటోంగ్ దగ్గర ఉంటారు. రైల్వే స్టేషన్ దగ్గర ఇంగ్లిష్ మాట్లాడుతూ ఒకాయన "టూరిస్ట్ బస్" అంటే ఎక్కేశాం. ముందు ఒక పచ్చరాళ్ల దుకాణంలో గంటన్నర కూర్చోబెట్టారు. మీరు మెట్రో 9వ లైన్‌లో హువాచింగ్‌చీ స్టేషన్‌లో దిగి, అక్కణ్నుంచి సిటీ బస్సో టాక్సీయో ఎక్కండి. పొద్దున్నే వెళ్లడం మేలు.

1974లో బావి తవ్వుతున్న రైతులకి బయటపడ్డాయివి. రెండు వేల రెండొందల ఏళ్ల నాటివి. మూడు గోతులున్నాయి. అందరూ మొదటిదానికే పరిగెడతారు. మీరు మూడోది, రెండోది చూసి చివర్లో మొదటిదానికి రండి. 230 మీటర్ల పొడవున్న ఆ షెడ్డు ముందే చూసేస్తే మిగతావి ఆనవు. రెండో గోతి దగ్గర అద్దాల పెట్టెలో మోకాలి మీద కూర్చున్న విలుకాడు ఉంటాడు. వెనక్కి వెళ్లి అతని చెప్పు అడుగు చూడండి. అట్ట మీద కుట్లు చుక్కలు చుక్కలుగా చెక్కారు, మడమ దగ్గరా వేళ్ల దగ్గరా ఒత్తుగా, మధ్యలో పల్చగా. ముప్పై ఏళ్లు మిషన్ కుట్టిన అమ్మ అక్కణ్నుంచి కదల్లేదు. "అరిగేచోట దగ్గరగా కుట్టాడు చూడవే, పని తెలిసినోడు" అంది.

ఊరి కోటగోడ సాయంత్రానికి పెట్టుకోండి. మింగ్ రాజుల కాలంలో, 1370ల్లో కట్టింది. చుట్టుకొలత దాదాపు 13.7 కిలోమీటర్లు, పైన లారీ పోయేంత వెడల్పు. దక్షిణ ద్వారం దగ్గర ఎక్కితే పైన సైకిళ్లు అద్దెకిస్తారు. చుట్టూ తిరిగి రావడానికి నాకు రెండు గంటలు పట్టింది. ఇటుకల మీద సీటు కుదుపుతుంది, ఆ రాత్రి నేను పక్కకి తిరిగే పడుకున్నాను. అమ్మ బ్యాటరీ బండిలో దర్జాగా తిరిగొచ్చింది.

అక్కణ్నుంచి డ్రమ్ టవర్ వెనక ముస్లిం వీధికి వెళ్లొచ్చు. మాంసం వాసనకి అమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది కానీ ఆకలితో రాలేదు. లియాంగ్‌పి అడగండి. పిండిని ఆవిరి మీద పల్చగా ఉడికించి, రిబ్బన్లలా కోసి, వెనిగర్, ఎర్రటి కారం నూనె కలిపి చల్లగానే ఇస్తారు. మన నాలుకకి వెంటనే పడుతుంది. "మాంసం వద్దు, గుడ్డు వద్దు" అని చైనీస్‌లో రాయించి ఫోన్‌లో పెట్టుకోండి. ఆ సందుల్లోనే పెద్ద మసీదు ఉంది. గుమ్మటం ఉండదు, అచ్చం చైనా గుడిలా ఉంటుంది.

షాంషీ హిస్టరీ మ్యూజియం టికెట్ మాకు దొరకలేదు. చాలా రోజుల ముందే బుక్ చేసుకోవాలట.

ఒక పూట మొత్తం పెద్ద బాతు పగోడాకి ఉంచుకోండి. మెట్రోలో దాయెన్‌తా స్టేషన్. బౌద్ధ యాత్రికుడు హ్యూయన్ త్సాంగ్ మన దేశం నుంచి తీసుకెళ్లిన గ్రంథాలు భద్రపరచడానికి 652లో కట్టించారు. ఏడంతస్తులు, 64 మీటర్లు, లోపల మెట్లు ఇరుకు. మోకాళ్లు బాగోలేకపోతే కిందే ఉండిపోండి, పోయేదేం లేదు. చూడాల్సింది దక్షిణం వైపు మైదానంలో ఉన్న ఆయన విగ్రహం. మాది అమరావతి పక్కన. ఆయన ధాన్యకటకం, అంటే ఇప్పటి మా ధరణికోట వచ్చి, అక్కడి ఆరామాలు చాలావరకు పాడుబడ్డాయని రాసుకున్నాడు. ఆ మాట చెప్పగానే అమ్మ, "ఇక్కణ్నుంచి మన ధరణికోటకా!" అని చెప్పులు విడిచేసి విగ్రహం చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది. పక్కన ఫొటోలు తీసుకుంటున్న చైనా పిల్లలు నవ్వారు, తర్వాత వాళ్లే ఆమెతో ఫొటో దిగుతామని అడిగారు.

రాత్రయితే ఉత్తరం వైపుకి రండి, అక్కడ పాటలకి ఫౌంటెన్లు ఆడతాయి. ముందు వరసలో నిలబడితే తడిసిపోతారు.